కింది దీపం, పై దీపం

మా నాన్న శౌరిరాజు పోర్టులో టగ్గు సారంగు.
ముప్పై నాలుగేళ్ళు వీధికన్నా పొడుగైన ఓడల్ని
మెడ పట్టుకుని రేవులోకి తెచ్చిన మనిషి,
జ్ఞానాపురం రైలు గేటు దగ్గర
సైకిలు దిగడానికి మాత్రం తడబడేవాడు.

ఒక రాత్రి నన్నూ టగ్గెక్కించాడు. తొమ్మిదేళ్ళు నాకు.
డీజిలు వాసన, తడి మోకులు, స్టీలు గ్లాసులో టీ.
ఎడమ పక్క డాల్ఫిన్ నోస్ నల్లగా వంగి
నీళ్ళలో పోగొట్టుకున్నదేదో వెతుక్కుంటోంది.
"అటు సూడే" అన్నాడు.
ఒడ్డున ఒక దీపం, కాస్త కిందగా.
దాని వెనక, దూరంగా, ఎత్తులో ఇంకోటి.
"కింది దీపం నెత్తి మీద పై దీపం నిలబడాల.
అది పక్కకి జరిగినట్టు కనిపిస్తే
జరిగింది దీపం కాదు, మనవే."

అంతే. మళ్ళీ టీ తాగాడు.

పెద్దదాన్నయ్యాను. ఫిషింగ్ హార్బరులో
మూడో షెడ్డు కింద కాటా నాది.
వంజరం, చందువ, రొయ్య.
తెల్లారి నాలుగింటికి బోట్లు తగిలితే
ఆ పాట కేకల్లో దేవుడైనా గొంతు పెంచాల్సిందే.
స్కూలు ఫీజులు, ఐసు ధర, మా ఆయన మోకాలి ఆపరేషను.
కింది దీపాన్ని చూస్తూ నడిపాను.
అది దొంగ దీపమేం కాదు,
పిల్లలకి ఇంత అన్నం పెట్టమని ఆయనే వెలిగించింది.
కాని దాన్నొక్కదాన్నే చూస్తే
ఏ దిక్కు నుంచి వస్తున్నా
సరిగ్గానే వస్తున్నట్టుంటుంది.

కాటా పళ్ళెం కింద సీసం ముక్క అంటించాను.
తట్టకి పావుకిలో.
ఆదివారం పూజలో వరసలో నిలబడి
దివ్యసత్ప్రసాదం తీసుకునేదాన్ని.
నాలుక మీద పల్చగా.
దానికి బరువు లేదనుకున్నాను.

చివరి నెలల్లో నాన్న మాటలు ఒక్కొక్కటే మునిగిపోయాయి.
టగ్గు పేరు పోయింది, నా పేరు పోయింది.
జపమాల తేలుతూ మిగిలింది.
మంగళవార్త జపం చివర
రెండు గడియల కోసం అడుగుతాం మరియతల్లిని:
ఇప్పటి కోసం, చావు వేళ కోసం.
మొదటిది గట్టిగా పలికి
రెండోది మింగేసేదాన్ని.
ఓ సాయంత్రం నాన్న చెయ్యెత్తి నన్ను ఆపాడు.
ఒక చూపుడు వేలు నిలబెట్టాడు.
దాని వెనక, దూరంగా, కాస్త ఎత్తులో, రెండో చేతి వేలు.
ఒక కన్ను మూసి
రెండూ ఒక గీత మీదికొచ్చేదాకా
దిండు మీద తలని కొంచెం కొంచెం జరుపుకున్నాడు.

వేళ్ళు కదపలేదు. తలనే.

మర్నాడు సీసం ఊడబీకాను. జిగురు మచ్చ పోలేదు.
పాపసంకీర్తనంలో గురువుగారు విని
"ఎవరికి బాకీయో వాళ్ళకి చెప్పమ్మా" అన్నారు.
మైలపల్లి కొర్లమ్మకి చెప్పాను.
మా ఏడు తరాల్నీ పేరు పేరునా తిట్టింది.
తిట్టి, డబ్బులు లెక్కపెట్టుకుని,
తట్ట నెత్తికెత్తమంది.

స్వర్గం అనే మాట నాన్న వాడగా వినలేదు.
లోపలి రేవు అనేవాడు.
అలల్లేని చోటు కాదట అది,
ఎవరో తాడు అందుకోడానికి
ముందే వచ్చి నిలబడి ఉండే చోటట.
నిత్యజీవమంటే నాకు తెలిసింది ఇంతే.

వాన రాత్రుల్లో పై దీపం కనపడదు.
అప్పుడేం చేసేవాడివని అడగడం మర్చిపోయాను.
ఆయన కింద పనిచేసిన కుర్రాడు చెప్పాడు:
ఇంజను తగ్గించేవాడట,
ఉన్నచోటే ఆగి, చీకట్లోకి చూస్తూ
"ఉంది, ఉంది" అనుకునేవాడట.

ఇవాళ మృతుల పండగ. జ్ఞానాపురం సమాధుల తోటలో
గూడ్సు బండి పోయిన గాలికి
సగం కొవ్వొత్తులు ఆరిపోయాయి.
మళ్ళీ ముట్టించి నాన్న కాళ్ళ దగ్గర ఒకటి పెట్టాను,
తల దగ్గర సిలువ మీద ఒకటి.
లేచి చూస్తే వంకరగా ఉన్నాయి.
కింది కొవ్వొత్తిని జరపబోయి
చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

ఒక అడుగు ఎడమకి నేనే జరిగాను.